కాంపౌండరు వచ్చి వెళ్లాక

“ఇది మళ్లీ రాయాలి కెజియా,” అంటూ నవనీత కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

మాదాపూర్‌లో పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే కంపెనీ అది. తెలుగు కథలకు పాత్రల విశ్లేషణలు రాయడం కెజియా పని. వాటిని చూసి సరిదిద్దేది నవనీత. ఈ ఉద్యోగంలోకి రాకముందు ఆమె ఓ జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్.

ఆ రోజు కెజియాకు అప్పజెప్పిన కథ చిన్నదే. బాలమ్మ అనే దర్జీ మనిషి. ఆమె మొగుడు తాగి వీధంతా వినబడేలా అరిచే రకం. వాళ్లింటికి అప్పుడప్పుడు కామేశ్వరరావు అనే కాంపౌండరు వచ్చి పోతుంటాడు. దెబ్బ తగిలితే కట్టు కడతాడు, గొడవైతే సర్దిచెబుతాడు. చివర బాలమ్మ ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మందు సీసాతో వచ్చి గుమ్మం మీద కూర్చుంటాడు. ‘ఇక నీకు నేనే కదా దిక్కు’ అంటాడు. అక్కడితో కథ అయిపోతుంది.

కెజియా మొగుడి గురించి రెండు పేజీలు రాసింది. కాంపౌండరు గురించి రాసింది రెండు వాక్యాలే. పరోపకారి, ఆపదలో ఆదుకునే మంచితనానికి ప్రతీక.

“ఈ కథలో నీకు ఎవరిని చూస్తే భయమేసింది?” అడిగింది నవనీత.

“మొగుడే మేడమ్. ఇంకెవరున్నారు?”

“మొగుడు అరుస్తాడు. అరిచేవాడు ఎక్కడున్నాడో బాలమ్మకు తెలుస్తూనే ఉంటుంది. ఆమె తమ్ముడు ఎప్పుడు ఇల్లు వదిలాడు?”

కెజియా కథలోకి చూసింది. “మొదట్లో. కాంపౌండరు కట్టు కట్టి వెళ్లిన మర్నాడు.”

“పక్కింటి కిష్టమ్మ రాకపోకలు మానేసి దడికి కంప ఎప్పుడు కొట్టింది?”

“కాంపౌండరు వాళ్లింటికి వెళ్లి మాట్లాడి వచ్చాక.” కెజియా ఆగింది. “కానీ ఆయన ఏం చెడు చేశాడు మేడమ్? ఒక్క చెడ్డమాట కూడా లేదు కదా కథలో.”

“లేదు. అందుకే పిల్లలకు చెప్పాలి. ఆయన ఏమన్నాడో వదిలెయ్. ఆయన వచ్చి వెళ్లాక ఆ ఇంట్లోంచి ఎవరు తగ్గారో చూడు. ఈ కథలో అందరికంటే ప్రమాదమైన మనిషి పక్కపాత్రే.”

“ఎందుకు చేస్తాడు అట్లా?”

“రచయిత చెప్పలేదు. మనం కల్పించొద్దు. చేసింది మాత్రం రాయి.”

నవనీత వెళ్లిపోయింది. కెజియా కథ మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. తమ్ముడు వెళ్లిపోయే చోటికి వచ్చేసరికి, అనుకోకుండానే ఆమెకు ప్రవళిక గుర్తొచ్చింది.

ప్రవళిక, తను ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లు. ప్రవళికది పెద్దపల్లి వైపు, కెజియాది చీరాల. ఒకరి పచ్చళ్లు ఒకరు తిట్టుకుంటూనే తినేసేవాళ్లు. అలాంటిది ప్రవళిక ఓ రోజు కెజియా ఆఫీసు నుంచి వచ్చేలోగా సామాను సర్దుకుని, ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. ఆ ముందు రోజు ఇంట్లో పంపు పాడైతే బాగుచేయించడానికి సైమన్ అన్నయ్య వచ్చాడు.

కెజియా అక్కడ ఆగి తనను తనే తిట్టుకుంది. సైమన్ అన్నయ్యను అలా అనుకోవడమా?

సైమన్ ఆమె వెళ్లే చర్చిలో పెద్దవాళ్లలో ఒకడు. నలభై దాటిన మనిషి, ఆఫీసులకు కార్లు నడిపించే ట్రావెల్స్ ఉంది. ఎవరికి రక్తం కావాలన్నా, ఎవరిని దవాఖానకు తీసుకెళ్లాలన్నా ముందుండేది ఆయనే. కెజియాకు తెలియని నంబర్ల నుంచి మెసేజ్‌లు రావడం మొదలైనప్పుడు ధైర్యం చెప్పిందీ ఆయనే. ‘పసుపు చున్నీ నీకు నప్పింది.’ ‘ఈ రోజు అన్నం సగమే తిన్నావేం?’ అలాంటి మెసేజ్‌లు. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు. ఆయన ఎవరినో అడిగి కనుక్కుని వచ్చి, “చెప్పడానికి బాధగా ఉందమ్మా. అది లోహితే,” అన్నాడు. లోహిత్ ఆమెతో పనిచేసేవాడు, పెళ్లి చేసుకుందామా అని అడిగినవాడు, సరేనందామా అని ఆమె ఆలోచిస్తున్నవాడు. కెజియా ఆ రోజు నుంచి అతని మొహం చూడలేదు. అతను వేరే కంపెనీకి వెళ్లిపోయాడు.

పోలీసుల దగ్గరికి వెళదామంటే సైమన్ వద్దన్నాడు. “ఆడపిల్లవి, పేరు బయటపడుతుంది. నేనున్నాను కదా.” అప్పటినుంచి ఆఫీసుకు తీసుకెళ్లడం, తీసుకురావడం ఆయనే.

కరుణ? చర్చి పాటల బృందంలో పక్కన నిలబడే నర్సు కరుణ. ఆమె ఎందుకు పలకరించడం మానేసింది? అమ్మ ఫోన్‌లో ఎందుకు ముభావంగా మాట్లాడుతోంది? “నీ ఇష్టం అమ్మా, నువ్వు పెద్దదానివయ్యావు,” అని అమ్మ ఎందుకంది?

కెజియా కథ పక్కన పెట్టింది. లేచి వెళ్లి మొహం కడుక్కుంది. అన్నిటికీ వేరే కారణాలు ఉండొచ్చు, కథలు చదివి చదివి బుర్ర పాడవుతోంది అనుకుంది. అయినా ఫోన్ తీసి ప్రవళికకు మెసేజ్ పెట్టింది. ‘ఒక్కటే అడుగుతాను. నువ్వు ఎందుకు వెళ్లిపోయావే?’

జవాబు రాలేదు. ఆఫీసు అయిపోయింది. కింద సైమన్ తెల్లకారు ఆగి ఉంది.

ఆ రోజు ఆమె ఇల్లు మారుతోంది. ఒక్కతే ఆ ఫ్లాట్‌లో ఉండలేకపోతే, గోపన్‌పల్లిలో సైమనే ఇల్లు చూశాడు. కింద వాటాలో పెద్దవాళ్లు ఉంటారనీ, పై గది ఆమెకనీ చెప్పాడు. సామాను పొద్దున్నే ఆయన వ్యానులో వెళ్లిపోయింది. పాత ఫ్లాటు తాళాలు ఓనరుకు ఇచ్చేశారు. ఈ సాయంత్రం ఆమె వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు.

“ఏంటమ్మా, అలా ఉన్నావు?” కారు తలుపు తెరిచి పట్టుకుని అడిగాడు సైమన్.

“తలనొప్పి అన్నయ్యా.”

“పాపం. పడుకుంటే తగ్గిపోతుందిలే.” ఆయన స్టీరింగ్ మీద చేతులుంచి కళ్లు మూసుకున్నాడు. “ప్రభువా, మా చెల్లిని కొత్త ఇంట్లో చల్లగా చూడు.”

ఆమెన్ అని కెజియా కూడా అంది. కారు కదిలింది. గచ్చిబౌలి దాటేసరికి ట్రాఫిక్ పలచబడింది. ఆయన ఏదో కీర్తన మెల్లగా పాడుకుంటున్నాడు. గొంతు బాగుంటుంది. ఆ గొంతు వింటూ ఆమెకు సిగ్గేసింది కూడా. ఇంత మంచి మనిషిని తనేం అనుమానించింది?

యూనివర్సిటీ గోడ పక్కన వెళ్తుండగా ఒళ్లో ఫోన్ వెలిగింది.

‘నువ్వే పొమ్మన్నవంట కద. ఆ మెసేజ్‌లు నేనే పెడుతున్ననని నీకు అనుమానమని, నన్ను చూస్తే భయమైతుందని సైమనన్న చెప్పిండు. నీ ముందల ఏడ్వొద్దని చెప్పకుండ పోయిన. ఇప్పుడెందుకు అడుగుతున్నవ్?’

కెజియా ఆ అక్షరాలు రెండోసారి చదవలేకపోయింది.

“ఎవరమ్మా?”

“ఆఫీసు వాళ్లు అన్నయ్యా.”

కీర్తన ఆగింది. ఆయన చూపు ఒకసారి ఆమె ఒళ్లోని ఫోన్ మీదికి వెళ్లి వచ్చింది. తర్వాత రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, “ప్రవళిక మీ ఆఫీసులో ఎప్పుడు చేరింది?” అన్నాడు.

కెజియా ఫోన్‌ను గట్టిగా పట్టుకుంది.

“తలనొప్పి అంటున్నావు, ఫోన్ చూడకూడదు.” ఆయన చెయ్యి చాపి, ఆమె వేళ్ల మధ్యనుంచి మెత్తగా ఫోన్ తీసుకున్నాడు. తన వైపు తలుపు జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ కీర్తన అందుకున్నాడు, ఆపిన చోటునుంచే.

“నల్లగండ్లలో ఒకసారి ఆపుతారా? మందుల షాపులో మాత్ర కొనుక్కుంటాను.”

“ఇంట్లో అన్నీ పెట్టానమ్మా.”

నల్లగండ్ల అపార్ట్‌మెంట్లు, కూరగాయల బండ్లు, పిల్లల్ని సైకిళ్ల మీద ఆడిస్తున్న తల్లులు అద్దం బయట వెనక్కి పోయారు. అద్దం దించి అరిస్తే? కారు చర్చి పెద్దమనిషిది. ఆయన నవ్వి, మా చెల్లి అంటాడు. ఎవరైనా ఆయన మాటే నమ్ముతారు. ఈ ఉదయం వరకు తనూ నమ్మింది కదా.

గోపన్‌పల్లిలో పెద్ద అపార్ట్‌మెంట్లు దాటి, కంకర తేలిన ఓ దారిలోకి మళ్లాడు. అన్నీ ప్లాట్లు, సగం కట్టిన గోడలు. చివర ఒక్కటే కొత్త మేడ. కింద, పైన కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గేటుకు తాళం. తాళంచెవి సైమన్ జేబులోంచే వచ్చింది.

“కింద పెద్దవాళ్లు ఉంటారన్నారు?”

“ఊరెళ్లారు. రేపొస్తారు,” అన్నాడు సైమన్, తాళం తీస్తూ.

ఎదురుగా కడుతున్న బిల్డింగు ముందు ఒకామె రాళ్ల పొయ్యి మీద అన్నం వండుతోంది. కెజియా కాళ్లు ఆమె వైపు నడిచాయి. పరుగెత్తకూడదని తనకు తనే చెప్పుకుంది.

“అమ్మా, కాసిని మంచినీళ్లిస్తారా?”

ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. ఇచ్చి, కెజియా మొహంలోకి జాలిగా చూసింది. “నువ్వేనా బిడ్డా, ఆయన చెల్లెవు? దవాఖానల కెల్లి తెచ్చిండా?”

“దవాఖాన ఏంటమ్మా?”

“మొన్న వచ్చి చెప్పిండు గద. నా చెల్లెకు జర మతి చలించింది ఈరమ్మా, ఏడుస్తది, ఒర్లుతది, తలుపు తియ్యుమంటది, మీరు పరేషాన్ కాకుండ్రి అని. మంచి అన్న దొరికిండు నీకు.”

కెజియా తాగకుండానే చెంబు కింద పెట్టింది. ఇప్పుడు తను ఏడిస్తే ఆయన మాటే నిజమవుతుంది. అరిచినా అంతే. ఈ మనిషికి ఏం చెప్పినా అది పిచ్చిదాని మాటే.

వెనక గేటు చప్పుడైంది. సైమన్ వస్తున్నాడు.

కెజియా అక్కడే ఇటుకల మీద కూర్చుంది. గొంతు లేవకుండా పళ్ల బిగువున మాట్లాడింది. “నాకు అన్న లేడమ్మా. మా అమ్మకు నేనొక్కదాన్నే. నా ఫోన్ ఆయన తీసుకున్నాడు. మీ ఫోన్‌తో మా అమ్మకు ఒక్కసారి చేయండి. నేను మాట్లాడను, మీరే మాట్లాడండి.”

ఈరమ్మ సందేహంగా చూసింది. సైమన్ దగ్గరికొచ్చాడు.

“చూశావా ఈరమ్మా, చెప్పానుగా.” కెజియా భుజం మీద చెయ్యి వేశాడు. “లే తల్లీ, లోపలికెళ్దాం.”

“నేను రాను.”

“లే అమ్మా.” గొంతు అంతే మెత్తగా ఉంది. వేళ్లు మాత్రం భుజంలో దిగబడుతున్నాయి.

“అన్నా,” అంది ఈరమ్మ. “అమ్మకు ఫోన్ చెయ్యుమంటుంది గీ పిల్ల.”

“వద్దు. ఆవిడ గుండెజబ్బు మనిషి, కంగారు పడుతుంది.”

“ఏం గాదు, నేను మంచిగనే మాట్లాడుత.”

“వద్దన్నాను కదా!”

మొట్టమొదటిసారి ఆ గొంతు లేచింది. ఈరమ్మ గరిటె పక్కన పెట్టింది. “ఏంది అన్నా, చెల్లె తల్లంటే నీకూ తల్లే గద. గంత కోపమెందుకు?” కొంగులో చుట్టుకున్న చిన్న ఫోన్ తీసింది. “నంబరు చెప్పు బిడ్డా.”

కెజియాకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. ఒక్కో అంకె విడదీసి చెప్పింది. అవతల ఫోన్ మోగుతోంది, మోగుతోంది. అమ్మ ఈ వేళ చర్చిలో ఉంటుందేమో. తెలియని నంబరని ఎత్తదేమో. సైమన్ వేళ్లు భుజం వదల్లేదు.

“హలో, ఎవరండీ?” అది అమ్మ మార్తమ్మ గొంతు.

“అమ్మా, నీకెందరు పిల్లలు?” అడిగింది ఈరమ్మ.

“ఒక్కతే కూతురండి. మీరెవరండీ? మా కెజియాకేమన్నా అయిందా? అయ్యో, చెప్పండమ్మా!”

ఈరమ్మ సైమన్ వైపు చూసింది. ఆయన చెయ్యి ఉన్న చోటు చూసింది. తర్వాత ఆమె గొంతు ఆ ప్లాట్లన్నిట్లో మోగింది. “ఓ స్వామీ! ఇటు రార్రి అందరు! జల్ది రార్రి!”

పైనుంచి ఆమె భర్త స్వామి, పనివాళ్లు దిగి వచ్చారు. సైమన్ చెయ్యి తీశాడు. ఆయన మొహంలో కోపం కనబడలేదు. కెజియాను తర్వాత చాలాకాలం నిద్ర పోనివ్వనిది అదే. తప్పు చేసిన పిల్లను చూసినట్టు బాధగా చూశాడు. “నీ కోసం ఇంత చేశాను,” అన్నాడు. వెళ్లి కార్లో కూర్చున్నాడు. కానీ కారు కదల్లేదు. హెడ్‌లైట్లు వేసి, వాళ్ల వైపే తిప్పి, ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నాడు. ఆ వెలుతురుకు కెజియా కళ్లు మూసుకుని ఈరమ్మ నడుమును గట్టిగా పట్టుకుంది. స్వామి వందకు ఫోన్ చేసి అడ్రసు చెప్పడం వినబడ్డాక కారు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

పోలీసులు వచ్చారు. మార్తమ్మ చీరాల నుంచే ఫోన్ చేస్తే కరుణ డ్యూటీ మధ్యలో లేచి ఆటోలో వచ్చింది. నర్సు బట్టల్లోనే కెజియాను కావలించుకుంది. పోలీసులు మేడ తాళం పగలగొట్టారు. పై గదిలో కెజియా సామాను పొందిగ్గా సర్ది ఉంది. ఆమెకిష్టమైన ఆకుపచ్చ రంగు కర్టెన్లు, కొత్త మంచం, బల్ల మీద తలనొప్పి మాత్రలు. కిటికీ రెక్కలకు మేకులు కొట్టి ఉన్నాయి. గది తలుపుకు గడియ బయటివైపు బిగించి ఉంది.

సైమన్‌ను మర్నాడు పట్టుకున్నారు. ఆ మెసేజ్‌లు వచ్చిన సిమ్ములు ఆయన ట్రావెల్స్ ఆఫీసులోనే దొరికాయి. ఆయన మాత్రం ఆమెను ఆమె నుంచే కాపాడాలనుకున్నానని చెప్పాడట. చర్చిలో కొందరు అది నమ్మారు. ఇంత సేవ చేసిన మనిషి మీద కేసా అని కెజియాను చూసి మొహం తిప్పుకున్నారు. పాస్టరు సాల్మన్ గారు మాత్రం ఆదివారం అందరి ముందూ లేచి, ఆ పిల్ల చెప్పింది నిజమని అన్నారు. దాంతో కొన్ని కుటుంబాలు ఆ చర్చికి రావడం మానేశాయి.

లోహిత్‌కు కెజియా ఫోన్ చేసి క్షమించమంది. “ఒక్కసారి నన్నే అడిగి ఉండాల్సింది కెజియా,” అన్నాడు. మళ్లీ ఫోన్ చేయలేదు.

ప్రవళిక మాత్రం నల్లగండ్లలోని తన ఫ్లాట్‌కు తీసుకుపోయింది. మార్తమ్మ కూడా వచ్చి కొన్నాళ్లు ఉంది. ముగ్గురూ వంటింట్లో కూర్చుని, ఆయన ఎవరికేం చెప్పాడో బయటపెట్టుకున్నారు.

“నువ్వు తాగుతున్నావనీ, నేనడిగితే ఇల్లు వదిలిపోతావనీ చెప్పాడే. అందుకే గట్టిగా అడగలేకపోయాను,” అంది మార్తమ్మ.

“కరుణక్కకు ఏం చెప్పిండో?” అంది ప్రవళిక.

కరుణకు చెప్పింది వేరు. కెజియా ఆమె పాటను వెక్కిరిస్తోందని. అంత చిన్న మాట. అంత చిన్న మాటతో అయిపోయింది.

కొన్ని నెలలకు సైమన్ బెయిలు మీద బయటికొచ్చాడు. ఆ కబురు తెలిసినప్పటినుంచి కెజియా లిఫ్టు ఎక్కడం మానేసింది. తలుపు చప్పుడైతే వంటింట్లోకి వెళ్లిపోయేది. ఎవరైనా ‘బ్యాగు పట్టుకోనా’ అన్నా ఒళ్లు జలదరించేది.

అప్పుడే కరుణ ఫోన్ చేసింది. “వేరే చర్చికెళ్తున్నాడంట కెజియా. అక్కడ ఒకమ్మాయి ఆఫీసుకు ఆయన కార్లోనే వెళ్తోందంట. కొండాపూర్‌లో హాస్టలు.”

కెజియా ఆ రోజు అన్నం తినలేకపోయింది. తనెందుకు వెళ్లాలి? ఆయనకు తెలిస్తే? ఆయన అక్కడే ఉంటే? పోలీసులకు చెప్పమని కరుణతో చెప్పింది, తనూ చెప్పింది. విచారిస్తామన్నారు. కానీ ఆ అమ్మాయి ఫిర్యాదు చేయదు. ఎందుకు చేస్తుంది, ఆయన ఏం చెడు చేశాడని?

మర్నాడు మధ్యాహ్నం ప్రవళికను వెంటబెట్టుకుని వెళ్లింది. లోపలికి కబురు పంపితే, హాస్టలు కింద టీ కొట్టు దగ్గరికి ఆ అమ్మాయి వచ్చి నిలబడింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. కెజియా తన పేరు చెప్పగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

“మీ గురించి సైమన్ అంకుల్ ముందే చెప్పారండి. మీరు వస్తారని కూడా అన్నారు. మీ ఆరోగ్యం...” మిగతాది అనలేక ఆగిపోయింది.

రోడ్డు మీద ఆగిన ప్రతి తెల్లకారునూ కెజియా కళ్లు వెతికి చూస్తున్నాయి. కాళ్లు వెళ్లిపొమ్మంటున్నాయి. ప్రవళిక చెయ్యి పట్టుకుని నిలబడింది.

“పిచ్చిదనే కదా చెప్పాడు? అలాగే అనుకోండి. నన్ను నమ్మమని అడగడానికి రాలేదు.”

“మరి?”

“ఆయన మీకు పరిచయమయ్యాక మీతో మాట్లాడటం మానేసింది ఎవరు?”

ఆ అమ్మాయి టీ కొట్టు వైపు చూసింది, మళ్లీ కెజియా వైపు చూసింది. మొహంలో రంగు మారుతోంది.

“మా అక్క,” అంది చివరికి. “రెండు నెలలైంది.”

“మీ అక్కకు ఫోన్ చేయండి. ఆయన గురించి నాతో కాదు, ఆమెతో మాట్లాడండి. మేం ఇక్కడే ఉంటాం.”

ఆ అమ్మాయి ఫోన్ తీసింది. పేరు వెతకడానికి చాలాసేపు పట్టింది. చెవి దగ్గర పెట్టుకుని, వాళ్లకు వీపు తిప్పి నిలబడింది.

“అక్కా,” అంది. “నేనే. పెట్టెయ్యకు.”